చీటీ ఊడిపోయిన మొక్క: మరుగుజ్జు కోనిఫర్లను పెంచడం, గుర్తుపట్టడం

అందరికీ నమస్కారం. రండి, కూర్చోండి, ముందు వరుసలో ఇంకా ఖాళీలున్నాయి. ఈ రోజు మాట్లాడేది మరుగుజ్జు కోనిఫర్ల గురించి, అంటే పైన్, తూజాల్లా సూదుల్లాంటి, పొలుసుల్లాంటి ఆకులుండే చెట్లలో మరుగుజ్జు రకాల గురించి. చూపించబోయేవన్నీ చిన్నచిన్న వస్తువులు, కాబట్టి దగ్గరగా కూర్చుంటేనే మంచిది.

మాట్లాడే ముందు మీ చేతికి మూడు కొమ్మలు ఇస్తున్నాను. ఒక్కోదానికి దారంతో నంబరు కట్టాను. ఒకటి, రెండు, మూడు. పేర్లు రాయలేదు, కావాలనే రాయలేదు. ఒకరి నుంచి ఒకరికి పంపుకోండి. చూడండి, తడమండి, ఒకటీ అరా ఆకు తుంచినా ఫర్వాలేదు. మూడూ ఈ ఉదయం మా తోటలో కోసినవే. ఇవి ఏ చెట్లవి, అసలు ఎన్ని చెట్లవి అన్నది చివర్లో అడుగుతాను.

మొక్కల గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది ఒకటే మాట అంటారు. "కొన్నప్పుడు చీటీ ఉండేది, ఎప్పుడో ఊడిపోయింది. సూదుల్లాంటి ఆకులు. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. ఐదేళ్లయింది, మోకాలెత్తు కూడా రాలేదు. ఇదేం మొక్క? దీనికేమన్నా జబ్బా?" జబ్బు కాదండి. చాలాసార్లు అది ఆరోగ్యంగానే ఉంటుంది. దాని నడకే అంత. కానీ అది ఏ మొక్కో తెలియకుండా జబ్బో కాదో చెప్పడం ఎలా? నీళ్లు ఎన్ని పొయ్యాలో, కొమ్మ ఎక్కడ కొయ్యాలో, ఎంత చోటు వదలాలో ఎలా చెప్పాలి? అందుకే నేను పెంచడాన్నీ గుర్తుపట్టడాన్నీ వేరుగా చూడను. చీటీ ఊడిపోతే ఊడిపోనివ్వండి. ఆకులోనే ఆ చెట్టు పేరుంటుంది. చదవడం వస్తే చాలు.

ముందు ఈ "మరుగుజ్జు" అన్న మాట సంగతి తేల్చుకుందాం. మరుగుజ్జు అంటే ఎంతకీ ఎదగనిది అనుకుంటాం. కాదు. మెల్లగా ఎదిగేది. ఎదగడం మాత్రం ఆగదు. అమెరికన్ కోనిఫర్ సొసైటీవాళ్లు దీనికో లెక్క పెట్టారు. చెట్టు చివరికి ఎంత ఎత్తు అవుతుందో కాదు, ఏడాదికి ఎంత పెరుగుతుందో చూస్తారు. ఏడాదికి రెండున్నర సెంటీమీటర్ల లోపు అయితే మినియేచర్. రెండున్నర నుంచి 15 సెంటీమీటర్ల దాకా డ్వార్ఫ్, అంటే మనం మరుగుజ్జు అంటున్నది. 15 నుంచి 30 దాకా మధ్యరకం. ఆపైన పెద్దరకం. ఈ లెక్కన ఏడాదికి పది సెంటీమీటర్లు పెరిగేది కూడా మరుగుజ్జే. పదేళ్లకు మీటరు. ముప్పై ఏళ్లకు? మీకంటే, నాకంటే ఎత్తు. అప్పుడు మనిషి తలెత్తి చూస్తూ "ఇది మరుగుజ్జన్నారే" అంటాడు. మరుగుజ్జే. మనమే నడకను ఎత్తు అనుకున్నాం.

మరి మీ దగ్గరున్నది ఎంత మెల్లగా ఎదుగుతోందో మీకెలా తెలుస్తుంది? రోజూ చూసేవాళ్లకు అసలు తెలియదు. స్కేలు పట్టుకుని ఏడాదంతా కూర్చోనక్కర్లేదు, కొమ్మ మీదే లెక్క రాసి ఉంటుంది. ఒకటో నంబరు కొమ్మ ఎవరి దగ్గరుంది? అమ్మా, అది కాస్త పైకెత్తి పట్టుకోండి. చివరి నుంచి వెనక్కి వేలితో మెల్లగా నిమురుకుంటూ రండి. ఒకచోట చిన్న కట్టులాంటిది తగులుతుంది. ఎండిన పొలుసులు గోధుమరంగులో కొమ్మ చుట్టూ ఉంగరంలా ఉన్నాయి, చూశారా? కిందటి చలికాలమంతా మొగ్గను కప్పి ఉంచిన పొలుసులు అవి. వసంతంలో మొగ్గ విచ్చుకుంది, కొత్త కొమ్మ బయటికొచ్చింది, పొలుసులు మాత్రం మొదట్లోనే ఉండిపోయాయి. అంటే ఆ ఉంగరం నుంచి చివరి దాకా ఈ ఏటి పెరుగుదల. ఇంకాస్త వెనక్కి వెళ్తే ఇంకో ఉంగరం. ఆ రెండు ఉంగరాల మధ్య నిరుటిది. దానికి వెనక ముందటేడాదిది.

ఇప్పుడు ఆ దూరాలు కొలవండి. దీనిమీద ఈ ఏడు ఆరు సెంటీమీటర్లు, నిరుడు ఏడు, ముందటేడు మూడే. ఆ మూడు సెంటీమీటర్ల ఏడాది ఏం జరిగిందో నాకు గుర్తుంది, ఆ ఏడు దాన్ని ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట నాటాను. వేళ్లు సర్దుకోవడానికే సరిపోయింది, పైకి పెరగలేదు. మనిషి మర్చిపోయినా కొమ్మ మర్చిపోలేదు. మీ మొక్కకు జబ్బా కాదా అన్న టెన్షన్ వచ్చినప్పుడు ముందు చెయ్యాల్సిన పని ఇదే. మూడు నాలుగేళ్ల ఉంగరాలు చూడండి. ప్రతి ఏడూ ఇంచుమించు ఒకే కొలత ఉందంటే అది దాని నడక. ఏడుకు ఏడు తగ్గుతూ వస్తోందంటే అప్పుడు కంగారుపడాలి.

ఈ పొట్టి చెట్లు అసలు ఎక్కణ్ణుంచి వస్తాయి? నర్సరీవాళ్లు కత్తిరించి కత్తిరించి పొట్టిగా చేస్తారని చాలామంది అనుకుంటారు. అలా చేసేది బోన్సాయ్. దాని దారి వేరు. ఈ చెట్లు పుట్టుకతోనే ఇంతే. వేల విత్తనాలు మొలిచినచోట ఎక్కడో ఒకటి తేడాగా మొలుస్తుంది, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం తక్కువగా, కొమ్మలు గుబురుగా. లేదా మామూలు పెద్ద చెట్టు మీదే ఒకచోట చీపురుకట్టలా ఒత్తుగా కొమ్మలు పుట్టుకొస్తాయి. దాన్ని విచెస్ బ్రూమ్ అంటారు. పెద్ద చెట్టు పైకొమ్మల్లో పక్షిగూడు ఉందేమో అనుకుంటాం, దగ్గరికెళ్తే అది చెట్టే. ఆ ముద్ద నుంచి ఒక పుల్ల తెచ్చి అంటు కట్టినా, అది పెద్ద చెట్టు అవ్వదు, ఆ ముద్దలాగే ఎదుగుతుంది. మనం తోటల్లో పెట్టుకునే మరుగుజ్జు రకాల్లో చాలావాటి పుట్టుక ఇదే.

వీటిలో అందరికీ బాగా తెలిసిన చెట్టు కథ ఒకటి చెప్పాలి. కెనడాలో అల్బర్టా ప్రాంతం, రాకీ పర్వతాల్లో లాగన్ అని ఒక రైల్వే స్టేషను. ఇప్పుడు లేక్ లూయిస్ అంటున్నారే, ఆ చోటు. 1904లో అమెరికాలోని ఆర్నాల్డ్ ఆర్బోరేటమ్ అనే వృక్షవనానికి చెందిన ఆల్ఫ్రెడ్ రేడర్, జాన్ జార్జ్ జాక్ అన్న ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు అక్కడికి వెళ్లారు. రైలు కోసం ఆగిన సమయంలో చుట్టుపక్కల తిరిగారని చెప్తారు. అక్కడ అడవి నిండా వైట్ స్ప్రూస్ చెట్లే. నిటారుగా 30 మీటర్ల దాకా ఎదగగల చెట్లు. వాటి మధ్య నేలబారుగా, గోపురంలా నున్నగా, ఎవరో కత్తిరించి పెట్టినట్టున్న చిన్న మొక్కలు వాళ్ల కంటపడ్డాయి. తమతో తీసుకెళ్లారు. అదే వైట్ స్ప్రూస్‌లో మరుగుజ్జు రకం, పిసియా గ్లాకా కోనికా. నర్సరీల్లో డ్వార్ఫ్ అల్బర్టా స్ప్రూస్ అంటారు. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ కోనికా కనిపించినా దాని మూలం ఆ కొండల్లో దొరికిన మొక్కల్లోనే ఉంది. కొమ్మ నుంచి కొమ్మ, కొమ్మ నుంచి కొమ్మ, అలా వచ్చింది. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తల్చుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. వేలాది మామూలు చెట్ల మధ్య తేడాగా ఉన్న నాలుగు మొక్కలు. మామూలు చెట్టు ఎలా ఉంటుందో బాగా తెలిసిన కళ్లకే ఆ తేడా తెలిసింది.

సరే, ఆ కళ్లు మనకెలా వస్తాయి? ఆకు దగ్గరికి వెళ్దాం.

కోనిఫర్ అనగానే మొదట రెండు వైపులుగా విడదీయండి. ఆకు సూదిలా ఉందా, పొలుసులా కొమ్మకు అతుక్కుని ఉందా? ఒకటో నంబరు సూది. రెండో నంబరు పొలుసు. మూడోది కూడా సూదే. ఇంతవరకు సులువు.

సూది అయితే, సూదులు గుత్తులుగా ఉన్నాయా, ఒంటరిగా ఉన్నాయా చూడండి. రెండో, మూడో, ఐదో ఒకే చోటి నుంచి, మొదట్లో చిన్న తొడుగు వేసుకుని పుడుతుంటే అది పైన్. ఇంకే ఆలోచనా అక్కర్లేదు. లెక్కపెట్టండి. మరుగుజ్జు పైన్లలో ఎక్కువ కనిపించే మ్యూగో పైన్‌కు రెండేసి. జపాన్ వైట్ పైన్‌కు ఐదేసి.

ఒంటరి సూదులైతే అసలు పని మొదలవుతుంది. స్ప్రూసా, ఫరా, హెమ్లాకా, యూనా? దూరం నుంచి నాలుగూ ఒకటే. దగ్గర నుంచి చూస్తే వేరు. చూస్తేనే సరిపోదు, వేళ్లతో చూడాలి. ఒక సూది తుంచి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. ఒకటో నంబరు దగ్గరున్నవాళ్లు చెయ్యండి. దొర్లుతోందా? టకటకా అంచులు తగులుతూ దొర్లుతోంది కదా. ఆ సూదికి నాలుగు పలకలున్నాయి. అది స్ప్రూస్. ఫర్ సూది అయితే చదునుగా ఉంటుంది, దొర్లదు, జారుతుంది.

ఇంకో సాక్ష్యం కూడా చూద్దాం. ఒక్క గుర్తుతో పేరు ఖాయం చెయ్యకూడదు, రెండైనా కలవాలి. సూది ఊడిన చోటు చూడండి. స్ప్రూస్‌లో సూది పుట్టే చోట కొమ్మ మీద చిన్న మేకులాంటి పొడుచుకు వచ్చిన మొటిమ ఉంటుంది. సూది రాలిపోయినా ఆ మేకు ఉండిపోతుంది. అందుకే ఎండిన స్ప్రూస్ కొమ్మ చేత్తో నిమిరితే ఆకురాయిలా గరుగ్గా ఉంటుంది. ఫర్‌లో సూది మొదలు చిన్న గిన్నెలా అతుక్కుని ఉంటుంది, ఊడితే గుండ్రటి నున్నటి మచ్చ మిగులుతుంది. ఎండిన ఫర్ కొమ్మ నున్నగా ఉంటుంది. కళ్లు మూసుకుని కూడా ఈ రెంటినీ వేరు చెయ్యొచ్చు. కాయల్ని బట్టి కూడా చెప్పొచ్చనుకోండి. స్ప్రూస్ కాయలు కిందికి వేలాడతాయి, ఫర్ కాయలు పైకి నిలబడతాయి. కానీ మరుగుజ్జుల దగ్గర ఆ సాయం దొరకదు. వీటిలో చాలా రకాలు పిల్లతనం దాటవు, కాయే కాయవు. కోనికాకు కాయ రావడం చాలా అరుదు. కాబట్టి ఆకే గతి.

హెమ్లాక్ సూది పొట్టిది, చదును, కిందివైపు రెండు తెల్లగీతలు, మొదట్లో సన్నటి కాడ. యూ సూది కూడా చదునే, కానీ కింద తెల్లగీతలుండవు, లేత ఆకుపచ్చగా ఉంటుంది. యూ గురించి ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. దాని ఆకు, బెరడు, గింజ అన్నీ విషం. గింజ చుట్టూ ఉన్న ఎర్రటి గుజ్జు ఒక్కటే విషం కాదు, కానీ ఆ గుజ్జు మధ్యలో గింజ ఉంది. చిన్నపిల్లలు, పశువులు తిరిగే చోట మీ దగ్గరున్నది యూ అవునో కాదో తెలియకుండా ఉంచుకోవద్దు. గుర్తుపట్టడం సరదా కోసం అనుకునేవాళ్లకు నేనిదే చెప్తాను.

ఇక పొలుసు ఆకులు. రెండో నంబరు కొమ్మ. చాలామంది దీన్ని చూడగానే తూజా అంటారు. ఇప్పుడు కూడా ఎవరో అన్నారు, విన్నాను. కొమ్మను తిరగేయండి. కిందివైపు పొలుసుల అంచుల్లో సన్నటి తెల్లటి గీతలు కనిపిస్తున్నాయా? ఇంగ్లీషు వై అక్షరంలా కలుస్తున్నాయి. వెనకవాళ్లు ఫోన్ టార్చి వేసి చూడండి, అవి కనిపిస్తే ఇక మర్చిపోరు. పొలుసు కొన కూడా మొద్దుగా, గుండ్రంగా ఉంది. ఇది హినోకి, జపాన్ చెట్టు, కామెసిపారిస్ ఆబ్ట్యూసా. ఆబ్ట్యూసా అంటేనే మొద్దు కొన అని. దీని దగ్గరి చుట్టం సవారా, కామెసిపారిస్ పిసిఫెరా. దాని పొలుసు కొన వేలికి గుచ్చుకుంటుంది. నా చేతిలోంచి వచ్చిన ఈ కొమ్మ నానా గ్రాసిలిస్ అనే రకానిది. ముదురు ఆకుపచ్చ, విసనకర్రలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు మెలికలు తిరిగిన కొమ్మలు. దీనికీ నానా అన్న ఇంకో రకానికీ జనం తరచూ పొరబడతారు. నానా ఇంకా మెల్లగా ఎదుగుతుంది. పేరులో ఒక్క మాట తేడా, ఇరవై ఏళ్ల తర్వాత రెండింతల ఎత్తు తేడా వస్తుంది.

జునిపర్ ఒక్కటి ఇబ్బంది పెడుతుంది. ఒకే మొక్క మీద సూదులూ పొలుసులూ రెండూ ఉండొచ్చు. అలా రెండూ కలిసి కనిపిస్తే జునిపర్ అని ముందు అనుమానించండి. కాయ కూడా చెక్కలా ఉండదు, నీలిరంగు పండులా ఉంటుంది. కామన్ జునిపర్ అయితే మూడేసి సూదులు ఒకేచోట చుట్టూ పుడతాయి, పైవైపు ఒకటే వెడల్పాటి తెల్లపట్టీ ఉంటుంది. దాని మరుగుజ్జు రకం కంప్రెస్సా పెన్సిల్‌లా నిలబడి ఉంటుంది, ఎంత ముద్దుగా ఉంటుందో!

పేరు తెలిసింది. ఇక నాటడం.

ముందుగా ఒక కష్టమైన మాట. స్ప్రూస్, ఫర్ చల్లటి చోట్ల చెట్లు. వాటికి చలికాలం నిద్ర కావాలి. ఏడాదంతా వేడిగా ఉండే చోట కోనికాను తెచ్చి పెడితే రెండు మూడేళ్లు నెట్టుకొస్తుంది, తర్వాత కృశించిపోతుంది. అది పెంచేవాళ్ల తప్పు కాదు, ఎంచుకోవడంలో పొరపాటు. వేడి చోట్ల తూజాల్లో ఓరియెంటాలిస్ మరుగుజ్జు రకాలు, వేడికి తట్టుకునే జునిపర్లు, పోడోకార్పస్ పెట్టుకోండి. మనసు పడిన మొక్క కంటే మన నేలకు నప్పిన మొక్కే మనకు ఎక్కువ సంతోషం ఇస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

నాటేటప్పుడు చోటు దగ్గర అందరం మోసపోతాం. చేతిలో జానెడు మొక్క. గుమ్మానికి అటొకటి ఇటొకటి పెడితే ఎంత బాగుంటుంది! పెడతాం. కోనికా ఏడాదికి ఐదు నుంచి పది సెంటీమీటర్లు. పదేళ్లప్పుడు నడుమెత్తు, చూడముచ్చటగా ఉంటుంది. పాతికేళ్లకు దారికి అడ్డం. దశాబ్దాలు గడిస్తే మూడు నాలుగు మీటర్లు. అప్పుడు కొట్టి చిన్నది చెయ్యొచ్చు కదా అంటారు. చెయ్యలేం. కోనిఫర్లలో చాలావాటికి ఆకు లేని పాత కొమ్మ మీద కొత్త చిగురు రాదు. యూ లాంటి ఒకటి రెండు తప్ప. పచ్చదనం దాటి లోపలికి కోస్తే ఆ బోడి మచ్చ అలాగే ఉండిపోతుంది. కాబట్టి చిన్నది చెయ్యడం అన్నది తర్వాత కత్తెరతో అయ్యే పని కాదు, నాటే రోజున చోటు చూసి చెయ్యాల్సిన పని. గోడకు, దారికి కనీసం మీటరు దూరం వదలండి. మధ్య ఖాళీలో ఏటేటా పూసి పోయే మొక్కలు వేసుకోండి.

మధ్యాహ్నపు ఎండ తగిలి వేడి వెదజల్లే గోడ పక్కన మాత్రం వద్దు. ఎందుకో నల్లి, అంటే ఆకు రసం పీల్చే కంటికి ఆననంత చిన్న పురుగు, దాని దగ్గరకొచ్చినప్పుడు చెప్తాను.

గుంత, వేళ్లతో ఉన్న మట్టి ముద్దకు రెండు మూడింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం మట్టి ముద్ద అంతే. లోతుగా తవ్వి వదులు మట్టి మీద పెడితే మొక్క దిగబడుతుంది, మొదలు మట్టిలో కూరుకుపోతుంది. కాండం వేళ్లుగా విడిపోయే చోటు నేల పైకి కనబడాలి. కుండీలోంచి తీసినప్పుడు వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే జాలిపడకండి. విడదియ్యండి, విడిపోకపోతే నిలువునా మూడు నాలుగు చోట్ల కొయ్యండి. అలాగే వదిలేస్తే ఆ వేళ్లు ఏళ్ల తరబడి అక్కడే చుట్టుకుంటాయి. తర్వాత మొక్క మొదలు చుట్టూ రెండు మూడు అంగుళాల మల్చింగ్ వేయండి, ఎండుటాకో బెరడు ముక్కలో ఏదైనా సరే. కాండానికి మాత్రం బెత్తెడు దూరం ఉంచండి.

ఎరువు? నా మాట అడిగితే, దాదాపు వద్దు. మెల్లగా ఎదగడం కోసమే కదా దీన్ని తెచ్చుకున్నాం! నత్రజని ఎక్కువ పడితే కొమ్మలు సాగి, గుబురు పోయి, చిగుళ్లు మెత్తబడి పురుగును పిలుస్తాయి. ఏడాదికోసారి పలచగా కంపోస్టు చల్లితే చాలు.

నీళ్ల దగ్గర కాస్త ఆగుదాం. ఈ చెట్లు కష్టం వెంటనే చెప్పవు. పూలమొక్కకు నీళ్లు లేకపోతే సాయంత్రానికి తలవాలుస్తుంది, మనం పరుగెత్తుతాం. కోనిఫర్ తలవాల్చదు. వేళ్లు చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే నిలబడుతుంది. నరికి తెచ్చి ఇంట్లో నిలబెట్టిన చెట్టు ఎన్ని రోజులు పచ్చగా ఉంటుందో చూడండి, అలాగే. గోధుమరంగు కనిపించేసరికి అసలు సంగతి జరిగి నెల దాటి ఉంటుంది. అందుకని ఆకును చూసి నీళ్లు పొయ్యకండి, మట్టిని చూసి పొయ్యండి. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించండి. తడిగా ఉంటే ఆగండి. పొడిగా ఉంటే లోతుగా తడిసేలా పొయ్యండి. మొదటి రెండేళ్లు ఈ శ్రద్ధ తప్పదు. మంచు పడే చోట్ల శీతాకాలం ముందు ఒకసారి బాగా తడపాలి. నేల గడ్డకట్టాక వేళ్లు నీళ్లు తాగలేవు, పైన ఎండా గాలీ ఆకులోని తడిని లాగుతూనే ఉంటాయి. చలి వల్ల మాడిందంటారే, అది నిజానికి దాహంతో మాడడం.

లోపలి సూదులు గోధుమరంగు తిరిగి రాలితే మాత్రం భయపడకండి. నిత్యం పచ్చగా ఉంటుందంటే ప్రతి ఆకూ చిరంజీవి అని కాదు. సూదికి కొన్నేళ్ల ఆయుష్షు, పాతవి లోపల రాలతాయి. గుబురు రకాల్లో ఆ ఎండు సూదులు లోపలే చిక్కుకుని గాలి ఆడనివ్వవు. ఏడాదికి ఒకటి రెండుసార్లు చేతులు లోపలికి పెట్టి దులిపెయ్యండి. కొమ్మల కొనలు ఎండుతుంటే, లేదా ఒక పక్కంతా మాడుతుంటే, అప్పుడు ఆరా తియ్యాలి.

నా కోనికాకు అదే జరిగింది. ఒక వేసవి నడిమధ్యలో గోడవైపు సగం పాలిపోయి, రాగిరంగు తిరిగింది. ఎండ దెబ్బ అనుకున్నాను, నీళ్లు పెంచాను. ఇంకా ఎండింది. ఇంకా నీళ్లు పోశాను. నాకు తెలిసిన ఒక పెద్దాయన చూసి, ఏమీ మాట్లాడకుండా ఒక తెల్లకాగితం అడిగారు. కాగితాన్ని కొమ్మ కింద పట్టి, కొమ్మను రెండుసార్లు తట్టారు. దుమ్ము రాలింది. "ఉండండి, చూడండి" అన్నారు. ఒక నిమిషం చూశాం. కదలలేదు. "ఇప్పుడు లేవు. ఈ సాలెపోగులు మాత్రం చూడండి" అని సూదుల మధ్య సన్నటి దారాలు చూపించారు. "చల్లబడ్డాక మళ్లీ కాగితం పట్టండి."

చల్లబడ్డాక పట్టాను. పెన్ను మొన ఆనించినంత చుక్కలు. కళ్లు నిలిపి చూస్తే, నడుస్తున్నాయి. వేలితో రుద్దితే మరక. అది స్ప్రూస్ నల్లి. దాని తీరు విచిత్రం. మిగతా నల్లులు ఎండల్లో చెలరేగితే ఇది చల్లటి రోజుల్లో, వసంతంలోనూ శరత్తులోనూ, రసం పీలుస్తుంది. ముదురు వేసవిలో గుడ్డు దశలో దాక్కుంటుంది. కానీ అది చేసిన నష్టం బయటపడేది ఆ వేసవిలోనే. అంటే మనకు కనిపించేటప్పటికి దొంగ ఇంట్లో లేడు. మనం ఎండను తిడతాం, నీళ్లు పోస్తాం. వేడి గోడ పక్కన వద్దన్నది ఇందుకే. అక్కడ గాలి ఆడదు, వాన తగలదు, దుమ్ము నిలుస్తుంది, నల్లికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు నేను వసంతం మొదట్లో ఒకసారి, చలి మొదలయ్యే ముందు ఒకసారి తెల్లకాగితం పడతాను. పది, పదిహేను చుక్కలు కదిలితే పైపుతో నీళ్లు గట్టిగా, కింది నుంచి పైకి, కొమ్మల లోపలికి కొడతాను. వారానికోసారి, మూడు నాలుగు వారాలు. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. కనిపించగానే ఘాటైన పురుగుమందు కొట్టడం నేను ఒప్పుకోను. నల్లిని తినే మంచి నల్లులు కూడా చస్తాయి, తర్వాత చెడ్డది రెట్టింపై వస్తుంది. నూనె మందులు పనిచేస్తాయి గానీ నీలిరంగు రకాల మీద కొడితే ఆ నీలపు పూత కరిగిపోయి మామూలు ఆకుపచ్చ తేలుతుంది. నా చెట్టుకు గోడవైపు మాడిన కొమ్మలు మళ్లీ చిగురించలేదు. పక్క కొమ్మలు మెల్లగా జరిగి ఆ ఖాళీని కప్పడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఇప్పుడు కొమ్మల దగ్గరికొద్దాం. ఒకటో నంబరు కోనికా అని ఈపాటికి తెలిసిపోయింది. రెండోది హినోకి. మూడోది? చేతులెత్తండి. ఫర్ అన్నవాళ్లు? ఇంకో రకం స్ప్రూస్ అన్నవాళ్లు? ఎక్కువమంది ఇంకో స్ప్రూస్ అంటున్నారు. ఎందుకని? సూదులు పొడవు, లావు, నీలిఛాయ, ఎడంగా ఉన్నాయి. ఒకటో నంబరు సూదులు సన్నగా, లేతగా, ఒత్తుగా ఉన్నాయి. నిజమే. దొర్లించి కూడా చూశారా? నాలుగు పలకలు. ఊడిన చోట మేకు ఉందా? ఉంది. రెండు సాక్ష్యాలూ స్ప్రూస్ అనే చెప్పాయి. ఇక ఒక సూది నలిపి వాసన చూడండి. ఘాటుగా, అంత బాగోని వాసన కదూ? ఇంగ్లీషులో వైట్ స్ప్రూస్‌ను పిల్లి స్ప్రూస్ అని కూడా అనేది ఆ వాసన వల్లే.

ఇది వైట్ స్ప్రూస్. నా తోటలో వైట్ స్ప్రూస్ చెట్టే లేదు. ఒకటో కొమ్మ, మూడో కొమ్మ ఒకే చెట్టువి.

మరుగుజ్జు చెట్టు ఒక్కోసారి తన పూర్వపు రూపాన్ని గుర్తు తెచ్చుకుంటుంది. నున్నటి గోపురం మధ్యలోంచి ఒక కొమ్మ అడవి చెట్టులా దూసుకొస్తుంది. ఏడాదికి ముప్పై సెంటీమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వేరు నుంచి వచ్చిన పిలక కాదు, అంటు కింది నుంచి వచ్చింది కాదు, కొనకొమ్మలోంచే వస్తుంది. మొదటిసారి నాకది వచ్చినప్పుడు, ఇన్నాళ్లకు చెట్టు పుంజుకుంది అని సంబరపడ్డాను. మూడేళ్లు ముట్టుకోలేదు. మూడేళ్లకు అది బొటనవేలంత లావైంది, చెట్టు బలమంతా అటే పోయింది, దాని నీడలో కింద మరుగుజ్జు కొమ్మలు పలచబడ్డాయి. అప్పుడు కోస్తే పెద్ద గొయ్యి పడింది. అదే మొదటి ఏడు తీసుంటే వేలు పట్టేంత ఖాళీ కూడా మిగిలేది కాదు. అందుకే వసంతంలో కొత్త చిగుళ్లు ముదిరాక చెట్టు చుట్టూ ఒకసారి తిరగండి. గోపురం దాటి తల ఎత్తినది ఏది కనిపించినా చివర తుంచి వదిలెయ్యకండి, అది పుట్టిన చోటికి వెళ్లి మొదలంటా కొయ్యండి.

మూడో కొమ్మ ఇప్పుడెవరి దగ్గరుంది? దాన్ని తలకిందులుగా తిప్పి కోసిన వైపు చూడండి. మొదలంటా కోశాను కాబట్టి కింద అర అంగుళం పాత కొమ్మ కూడా వచ్చింది. ఆ ముక్క మీద సూదులు చిన్నవి, ఒత్తుగా, అచ్చం ఒకటో నంబరులా ఉన్నాయి. దానికి పైన పొలుసుల ఉంగరం వేలికి తగులుతుంది. ఉంగరం దాటగానే సూదులు పొడవైపోయాయి, ఎడం ఎడంగా నిలబడ్డాయి. నెమ్మదిగా పంపుకోండి, అందరూ ఆ ఉంగరం మీద ఒకసారి వేలు పెట్టి చూడండి.